2023 మెకానికల్: జావానా, గ్రూప్సా, జర్మనీయా? ఏ పుస్తకం తెరవాలో తెలియట్లేదు

పల్నాడు_మెక్
2023లో బీటెక్ మెకానికల్ అయిపోయింది. క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ ఇచ్చింది. జాయినింగ్ డేట్ ఇస్తాం, ఇస్తాం అని ఏడాది లాగి చివరికి ఆఫర్ లేదని ఒక మెయిల్ పడేశారు. ఆ గ్యాప్‌లో అమీర్‌పేటలో జావా ఫుల్‌స్టాక్ చేశా. సర్టిఫికెట్ వచ్చింది, కాల్ రాలేదు. ఇంటికొచ్చి గ్రూప్-2 పట్టుకున్నా. ప్రిలిమ్స్ దాటా, మెయిన్స్ పోయింది.

ఇప్పుడు ఇంట్లో తలా ఒకటి చెబుతున్నారు. నాన్న రైల్వే జూనియర్ ఇంజినీర్ (జేఈ) పరీక్ష రాయమంటాడు. బావ జర్మనీ అంటాడు, లోన్‌కి తను సంతకం పెడతాడట. రూమ్మేట్ ఎవరో కన్సల్టెన్సీ వాణ్ణి పట్టుకొచ్చాడు, లక్షన్నర ఇస్తే మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ 'పెట్టిస్తాడట'. అమ్మ ఏదో ఒకటి చెయ్యరా అంటుంది. నాకేమో పొద్దున లేస్తే ఏ పుస్తకం తెరవాలో తెలియట్లేదు. ఒకరోజు జావాలో స్ప్రింగ్ బూట్, ఒకరోజు ఏపీ హిస్టరీ.

ఏ ఫీల్డ్‌కి స్కోప్ ఉందో తెలిసినవాళ్ళు చెప్పండి. 'నీకు నచ్చింది చెయ్యి' అని మాత్రం అనొద్దు, దండం పెడతా.

తిన్నామా_పడుకున్నామా
నీకు నచ్చింది చెయ్యి.

పల్నాడు_మెక్
అనుకున్నా.

బెంచి_మీద
సాఫ్ట్‌వేర్ సంగతి నేను చెబుతా, తొమ్మిదేళ్ళుగా అందులోనే ఉన్నా. 2021, 22లో డిగ్రీ ఏదైనా సరే, మనిషి కనిపిస్తే తీసుకున్నారు. తర్వాత కుళాయి కట్టేశారు. నీ ఆఫర్ పోయింది ఆ దెబ్బకే, నీ జావా బాగోక కాదు. 2025 జూలైలో టీసీఎస్ అంతటిది 12 వేల మందిని తగ్గిస్తున్నామంది, అందులో ఎక్కువమంది మిడిల్, సీనియర్ లెవెల్ వాళ్ళు. వాళ్ళంతా ఇప్పుడు ఏ పోస్టులకి అప్లై చేస్తున్నారంటావు? నువ్వు చేసేవాటికే. హ్యాండిల్ చూశావుగా, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నా, నేనూ ఆ లైన్లోనే ఉన్నా.

అలాగని సాఫ్ట్‌వేర్ చచ్చిపోయిందని కాదు. కోడింగ్ అంటే నిద్ర మానుకుని చేసేవాళ్ళు ఇప్పటికీ దూరుతున్నారు. నాలుగు నెలల కోర్సుతో దూరే రోజులు మాత్రం లేవు.

చిక్కడపల్లి_లైబ్రరీ
గ్రూప్స్ గురించి నన్నడుగు తమ్మీ. మా తెలంగాణల 2022 ఏప్రిల్ల 503 పోస్టులతోని గ్రూప్-1 నోటిఫికేషన్ వడ్డది. అక్టోబర్ల ప్రిలిమ్స్ రాసినం. 2023 మార్చిల పేపర్ లీకైందని రద్దు జేసిండ్రు. జూన్ల మళ్ళ రాసినం. సెప్టెంబర్ల హైకోర్టు అదీ రద్దు జేసింది. 2024 ఫిబ్రవరిల కొత్త నోటిఫికేషన్, 563 పోస్టులు, మళ్ళ మొదటికెల్లి షురూ. ఇండ్ల నా తప్పేమున్నది జెప్పు? చదువుడు నా చేతుల ఉన్నది, తారీకు నా చేతుల లేదు. అశోక్‌నగర్ల రూము కిరాయి మాత్రం ఎవ్వడు వాయిదా ఎయ్యడు.

తిన్నామా_పడుకున్నామా
అన్నా ఇంకా చదువుతున్నారా?

చిక్కడపల్లి_లైబ్రరీ
చదువుతున్న. పొద్దుగాల ఒక కోచింగ్‌ల టెస్ట్ పేపర్లు దిద్దుత, గా పైసలతోని నడుస్తది. నవ్వకు.

గుంటూరు_ఘాటు
@పల్నాడు_మెక్ ప్రిలిమ్స్ దాటా అన్నావు కదా, బాధపడకు గానీ ఒక లెక్క చూడు. ఏపీ గ్రూప్-2లో 905 పోస్టులకి 1:100 చొప్పున 92 వేల మందిని మెయిన్స్‌కి పిలిచారు. రాసిన ప్రతి నలుగురైదుగురిలో ఒకడు దాటాడు. అది చూసుకుని 'నాకు గ్రూప్స్ వస్తాయి' అనుకున్నవాళ్ళు మా బ్రాడీపేటలో వీధికో పదిమంది ఉన్నారు. మెయిన్స్‌లో 300కి ఎంత?

పల్నాడు_మెక్
150 లోపే. కటాఫ్ దరిదాపుల్లో లేను. ఎకానమీ, పాలిటీ ఫర్వాలేదు. చరిత్ర అసలు ఎక్కదు.

గుంటూరు_ఘాటు
చూశావా, ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి చెప్పావు. స్కోప్ గురించి అడిగేముందు ఇది చెప్పాలి.

అవనిగడ్డ_రిటర్న్
ఘాటు గారూ మరీ అంత ఘాటు వద్దులెండి, పిల్లాడు ఇప్పటికే నలిగి ఉన్నాడు.

నా సంగతి చెబుతాను బాబూ. బీఎడ్ అయ్యాక డీఎస్సీ కోసం అవనిగడ్డలో కోచింగ్ తీసుకున్నాను. 2018 డీఎస్సీలో కొద్దిలో పోయింది. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాం. ఆ వచ్చే ఏడాది రావడానికి 2025 అయింది! మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి ఒక నోటిఫికేషన్ ఇచ్చి అదీ రద్దు చేశారు. చివరికి 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, అందులో నాకు వచ్చింది. ఈ మధ్యకాలమంతా ఒక ప్రైవేట్ స్కూల్లో తొమ్మిది వేలకి పాఠాలు చెప్పాను. జీతం సంగతి పక్కన పెట్టండి, రోజూ పిల్లల ముందు నిలబడ్డాను కాబట్టి కంటెంట్ మర్చిపోలేదు, ఇంట్లో ఖాళీగా ఉందనే మాట పడలేదు. నాతోపాటు హాస్టల్లో ఉన్న అమ్మాయి నాకంటే బాగా చదివేది. తను మొత్తం మానేసి పుస్తకాల ముందే కూర్చుంది. 2021లో ఇంట్లోవాళ్ళు ఇక చాలన్నారు, పెళ్ళి చేశారు. మార్కుల్లో తను ఓడిపోలేదండీ, ఇంటి ఓపిక అయిపోయింది.

అందుకని అడుగుతున్నాను, మీ ఇంట్లో ఇంకా ఎన్నాళ్ళు ఆగగలరు? అది తెలియకుండా మేము ఏం చెప్పినా గాల్లో మాటే.

పేరెందుకులే
టీచర్ గారూ మీ ఫ్రెండ్ గురించి చదివి ఒక నిమిషం ఆగిపోయా. ఇక్కడ అన్నలందరూ 'ఒక ఏడాది తీసుకో, రెండేళ్ళు తీసుకో' అని తేలిగ్గా అనేస్తారు. నేనూ 2023 బ్యాచే, ఈసీఈ. నాకు ఇచ్చిన గడువు వచ్చే మాఘమాసం ముహూర్తాల దాకా.

పల్నాడు_మెక్
@అవనిగడ్డ_రిటర్న్ మేడం, నిజం చెప్పాలంటే ఎక్కువ కాలం ఆగలేరు. మాది కౌలు మిర్చి. 2025లో రేటు పడిపోయింది తెలుసుగా, క్వింటాకి 11,781 చొప్పున కేంద్రం ఏదో పథకం ప్రకటించేదాకా వచ్చింది. అంతకుముందు ఇరవై వేలు చూసి ధైర్యంగా ఎక్కువ ఎకరాలు కౌలుకి తీసుకున్నాం. నాన్న నోరు తెరిచి అడగడు గానీ, వచ్చే పంట పెట్టుబడికి నా చేతినుంచి ఏమైనా వస్తుందేమో అని చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

బాలానగర్_లేత్
అయితే బావ జర్మనీ కథ ముందు పక్కన పెట్టు.

స్టుట్‌గార్ట్_పులిహోర
ఒక్క నిమిషం, జర్మనీ గురించి నేను చెబుతా, ఇక్కడ మెకానికల్ మాస్టర్సే చేస్తున్నా. 'చదువు ఫ్రీ' అని మీ బావ అని ఉంటాడు. చాలా రాష్ట్రాల్లో పబ్లిక్ యూనివర్సిటీకి ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. నేనుండే బాడెన్-వుర్టెంబెర్గ్‌లో మాత్రం మనలాంటి బయటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. అదే మన డబ్బులో పది లక్షలు దాటుతుంది. ముందు మన డిగ్రీ అసలైందేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇవన్నీ చేసి వచ్చాక తెలిసేది ఏంటంటే, క్లాసు ఇంగ్లీషులో జరుగుతుంది, ఉద్యోగం జర్మన్‌లో జరుగుతుంది. బీ2 లెవెల్ దాకా, అంటే ధారాళంగా మాట్లాడేంత, భాష రాకపోతే మెకానికల్లో ఇంటర్వ్యూ దాకా కూడా పోవు.

పైగా ఇక్కడ కార్ల కంపెనీలే చలిజ్వరంతో ఉన్నాయి. ఫోక్స్‌వాగన్ 2030 నాటికి 35 వేల ఉద్యోగాలు తగ్గించుకోవడానికి యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. రావొద్దు అనట్లేదు. భాష మీద ఏడాది పెట్టే ఓపికుంటే రా. 'ఇక్కడ ఏమీ తోచట్లేదు కాబట్టి' అయితే మాత్రం రాకు, తోచకపోవడం ఇక్కడ ఇంకా ఖరీదు.

డల్లాస్_బాబాయ్
అమెరికా గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పేస్తా, బాబాయిని కదా. మావాడు ఓపీటీలో, అంటే చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే గడువులో ఉన్నాడు. మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం మీద 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. వాడు క్యాలెండర్‌లో ఆ రోజులు కొట్టేసుకుంటూ పడుకుంటాడు. 2025 సెప్టెంబర్లో హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నాక, అది బయటినుంచి వేసే కొత్త పిటిషన్లకే అని తర్వాత చెప్పినా సరే, చిన్న కంపెనీలు స్పాన్సర్ అనే మాట వింటేనే ఫోన్ పెట్టేస్తున్నాయి.

తిన్నామా_పడుకున్నామా
మొత్తానికి ఎక్కడికీ పోవద్దు, ఏమీ చేయొద్దు. నా హ్యాండిల్‌కి ఇన్నాళ్ళకి గౌరవం దక్కింది.

రూపాయి_రిక్రూటర్
బ్రో మీ రూమ్మేట్ చెప్పింది కరెక్టే. అందరూ అలాగే ఎక్కారు. నేను ఒకళ్ళని రిఫర్ చేయగలను, బీజీవీ (బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్) కూడా వాళ్ళే మేనేజ్ చేస్తారు, నంబర్ [తొలగించబడింది]

నిర్వాహకుడు
పై పోస్టులో ఫోన్ నంబర్ తీసేశాం. మళ్ళీ పెడితే ఖాతా తీసేస్తాం.

బెంచి_మీద
ఆ 'మేనేజ్ చేస్తారు' సంగతి చెప్పనివ్వండి, నేను ఇంటర్వ్యూలు తీసుకున్నవాణ్ణి. ఇప్పుడు కంపెనీలు మొదట అడిగేది యూఏఎన్, అదే పీఎఫ్ ఖాతా నంబర్. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో నువ్వు ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో అన్నీ కనిపిస్తాయి. మూడేళ్ళు చేశానన్నవాడి ఖాతాలో ఒక్క నెల కూడా పీఎఫ్ పడకపోతే ఏం మేనేజ్ చేస్తాడు? కొంతమంది కాగితాల మీద మాత్రమే ఉండే షెల్ కంపెనీలో పీఎఫ్ కూడా కట్టించి చూపిస్తారు, ఆ షెల్ కంపెనీల లిస్టులు హెచ్ఆర్‌ల దగ్గర తిరుగుతుంటాయి. ఇక ప్రాక్సీ ఇంటర్వ్యూల తమాషా వేరు. ఒకడు కెమెరా ముందు కూర్చుని పెదాలు ఆడిస్తున్నాడు, వెనకనుంచి ఇంకొకడు జవాబు చెబుతున్నాడు. మధ్యలో పెదాలవాడికి తుమ్ము వచ్చింది. జవాబు ఆగలేదు.

గుంటూరు_ఘాటు
లక్షన్నర పోసి తుమ్ముకి దొరికాడు పాపం.

బాలానగర్_లేత్
తమ్ముడూ, ఇంతమంది ఇన్ని చెప్పాక నా మాట వినిపిస్తుందో లేదో. నాకు బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు ఉంది, మూడు వీఎంసీలు, రెండు సీఎన్‌సీ లేత్‌లు, అన్నీ ప్రోగ్రామ్‌తో లోహం కోసే మెషిన్లే. నువ్వు చదివింది మెకానికల్. నీ పోస్టు మొత్తం వెతికా, మెకానికల్ అనే మాట మొదటి లైన్లో తప్ప ఎక్కడా లేదు. నాలుగేళ్ళు చదివింది ఏమైందసలు?

నాకు మనుషులు దొరకట్లేదు. రెజ్యూమెలు వస్తాయి, కుప్పలు. డ్రాయింగ్ చేతికిచ్చి ఈ బోర్ టాలరెన్స్ ఎంత, ఈ ఫేస్ దేనికి రిఫరెన్స్ అంటే బీటెక్ వాడు దిక్కులు చూస్తాడు. మైక్రోమీటర్ పట్టుకోవడం రాదు. డిప్లొమా చేసిన కుర్రాడు నయం. డ్రాయింగ్ చదవగలిగి, ప్రోగ్రామ్ రాసి, సెట్టింగ్ చేసుకోగలిగినవాడు నా దగ్గర మూడేళ్ళు కూడా నిలవడు, డిఫెన్స్ పార్టులు చేసే పెద్ద షాపులు ఎగరేసుకుపోతాయి.

ఇక్కడే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, 1968 నుంచి ఉంది. టూల్ డిజైన్, క్యాడ్-క్యామ్ కోర్సులు చెబుతారు. మీకు దగ్గరలో విజయవాడలో కూడా బ్రాంచి ఉంది. అమీర్‌పేటకి పోసిన డబ్బు అక్కడ పోసి ఉంటే ఈపాటికి నీ చేతిలో పని ఉండేది.

ఎర్రబస్సు
ఓనర్ గారు చెప్పేది ఓనర్ మాట. మొదటి జీతం ఎంతో చెప్పలేదేం?

బాలానగర్_లేత్
పదిహేను వేలు. దాచేదేం లేదు.

ఎర్రబస్సు
పన్నెండు గంటల షిఫ్టు అనేది కూడా చెప్పండి మరి. హాస్టల్‌కి ఏడు వేలు పోతే ఇంటికి ఏం పంపుతాడు? మనుషులు దొరకట్లేదు అంటారు, ఆ జీతానికి దొరకట్లేదు అనరు. నేను జీడిమెట్లలో నాలుగేళ్ళు చేశా. ఓటీ, అదే ఓవర్‌టైమ్ డబ్బుల కోసం ప్రతి నెలా గొడవే. నేర్చుకున్నది ఉంది, కాదనను, కానీ వేలికి కుట్లు కూడా ఉన్నాయి.

బాలానగర్_లేత్
అన్ని షాపులూ ఒకటి కాదు. ఎనిమిది గంటలు దాటితే నా దగ్గర ఓటీ రాసి ఇస్తాను. జీతం తక్కువే, ఒప్పుకుంటా. పార్టుకి నాకు వచ్చే రేటు కూడా అంతంతే, ఆ లెక్కలు ఇక్కడ విప్పితే రాత్రంతా సరిపోదు.

పెనుకొండ_గాలి
ఏమప్పా ఇద్దురూ నిజమే సెప్తాండారు. మా ఊరికాడ కియా వచ్చినాక అందరూ 'ఇంగేమి, ఉద్యోగాలే ఉద్యోగాలు' అనుకున్యారు. నేను సేసేది కియాలో కాదు, దానికి పార్టులు పంపే వెండర్ కాడ, క్వాలిటీ ఇన్‌స్పెక్షన్. కాంట్రాక్టే. రెన్యువల్ అయితాదో లేదో అని ప్రతిసారీ కడుపులో దడ. అయినా ఒగటి సెప్తా. మా లైన్‌లో రెండు రకాల మనుషులు ఉండారు. గేజ్ పెట్టి ఓకే, నాట్ ఓకే అని టిక్కు కొట్టేవాడు ఒగడు. ఆ పార్టు ఎందుకు నాట్ ఓకే అయితాందో వెనక్కి పోయి కనుక్కునేవాడు ఇంగొకడు. రెండో రకం వాణ్ణి కాంట్రాక్టు అయిపోయినా సేతులారా వదులుకోరు. ఆ తేడా జీతంలో కనపడడానికి రెండేండ్లు పట్టె నాకు.

వేగన్_వర్క్‌షాప్
నాన్నగారి మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను రైల్వేలో సీనియర్ సెక్షన్ ఇంజినీర్‌గా రిటైరయ్యాను. జేఈకి గ్రూప్స్‌లా కొత్తగా చరిత్ర మొదలుపెట్టనక్కర్లేదు బాబూ. సీబీటీ-2లో, అంటే కంప్యూటర్ మీద రాసే రెండో పరీక్షలో, 150 మార్కులకి 100 టెక్నికల్. థర్మో, ఫ్లూయిడ్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, మెషినింగ్, నువ్వు బీటెక్‌లో చదివినవే, డిప్లొమా స్థాయిలో. మూల వేతనం 35,400తో మొదలు. 2024లో 7,951 పోస్టులు తీశారు. ప్రతి ఏడాదీ అన్ని ఉండవు, అది వేరే సంగతి. కానీ షాపులో పని చేస్తూ జేఈకి చదవడం కుదురుతుంది, పగలు చేసిందే రాత్రి పుస్తకంలో కనిపిస్తుంది. గ్రూప్స్‌కి అలా కుదరదు. పగలు లేతు, రాత్రి శాతవాహనులు అంటే ఎవరివల్లా కాదు.

చిక్కడపల్లి_లైబ్రరీ
సారు జెప్పిన ఈ మాట మంచిగున్నది. మూడు నాలుగు పరీక్షలకు ఒక్క సిలబస్ కలిసేటట్టు సూస్కోవాలె. నేను ఎట్లనో గ్రూప్స్ గ్రూప్స్ కలిపిన, వాడు టెక్నికల్ టెక్నికల్ కలుపుకోవాలె. జావా, చరిత్ర, జర్మన్ భాష, ఈ మూడిట్ల ఏ రెండూ కలవయి.

గుంటూరు_ఘాటు
ఇంకోటి. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ఎన్ఏటీఎస్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు, ప్రభుత్వరంగ సంస్థలు కూడా అందులోనే తీసుకుంటాయి. ఒక ఏడాది. 2019 రూల్స్‌లో గ్రాడ్యుయేట్‌కి స్టైపెండ్ కనీసం 9,000 అని పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్‌లో చూసుకో. పాసై ఏళ్ళు గడిచేకొద్దీ తీసుకోరు, 2023 బ్యాచ్ కాబట్టి ఇప్పుడే చూడు. పర్మినెంట్ చేస్తారని మాత్రం ఆశ పెట్టుకోకు.

ఎర్రబస్సు
తొమ్మిది వేలతో మిర్చి పెట్టుబడి!

గుంటూరు_ఘాటు
మిర్చి పెట్టుబడి వాడి జీతంతో తీరేది కాదండీ, పాతిక వేలు వచ్చినా తీరదు. ఎకరం మిర్చికి ఎంతవుతుందో నాకు తెలుసు. ఆ బరువు వీడి నెత్తిన పెడితే ఈ చర్చ ఎక్కడికీ పోదు.

అవనిగడ్డ_రిటర్న్
@పల్నాడు_మెక్ దానికి సమాధానం మీరు చెప్పకండి, మీ నాన్నగారిని అడగండి. ఎదురుచూస్తున్నాడని మీరు అనుకుంటున్నారు. అడిగారా ఎప్పుడైనా?

పేరెందుకులే
మధ్యలో నాదో ప్రశ్న. @పెనుకొండ_గాలి అన్నా, క్వాలిటీలో అమ్మాయిల్ని తీసుకుంటారా? ఈసీఈ అయినా ఫర్వాలేదా?

పెనుకొండ_గాలి
మా కాడ ఉండారు చెల్లీ. వైరింగ్ హార్నెస్, ఎలక్ట్రానిక్స్ పార్టులు చేసే చోట అయితే ఎక్కువ మంది ఆడపిల్లలే. శ్రీసిటీ పక్క చూడు, ఆడ మొబైల్, ఏసీ కంపెనీలు ఉండాయి, బస్సు, హాస్టల్ వాళ్ళే పెడతారు. సేరేముందు హాస్టల్ సొంతంగా పోయి సూసుకో, వాళ్ళ మాట నమ్మొద్దు.

బెంచి_మీద
@పేరెందుకులే ఈసీఈ అంటే హైదరాబాద్‌లో వీఎల్ఎస్ఐ వెరిఫికేషన్, అంటే చిప్ డిజైన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించే పని, దాని వైపు కూడా చూడండి. కోర్సులు ఖరీదు, ఇన్‌స్టిట్యూట్‌ని బట్టి ఫలితం. ముందు పాత స్టూడెంట్లతో మాట్లాడకుండా రూపాయి కట్టొద్దు.

పల్నాడు_మెక్
రెండు రోజులుగా పోస్టు పెట్టలేదు, ఏమనుకోకండి. నాన్నతో మాట్లాడా. మేడం చెప్పినట్టే అడిగా. ఆయన ఎదురుచూసేది పెట్టుబడికి కాదట. 'వచ్చే ఏడు రెండెకరాలు తగ్గించేస్తాన్రా, నువ్వు తేల్చుకుంటే ఎంత తగ్గించాలో నాకు తెలుస్తుంది' అన్నాడు. నేను తేల్చకపోవడం వల్ల ఆయన కౌలు ఖాయం చేసుకోలేకపోతున్నాడు! ఇది నాకు తట్టనే లేదు.

విజయవాడ సీఐటీడీకి వెళ్ళొచ్చా. ఫీజులు, బ్యాచ్ తేదీలు రాసుకున్నా. బావకి జర్మనీ వద్దని చెప్పా, మూడు రోజులు మాట్లాడడు, తర్వాత మామూలే. రూమ్మేట్‌కి తుమ్ము కథ పంపా.

@బాలానగర్_లేత్ అన్నా, కోర్సు కట్టేముందు మీ షాపులో ఒక వారం ఊరికే నిలబడి చూడొచ్చా? జీతం వద్దు. నాకు ఆ పని పడుతుందో లేదో తెలియాలి.

బాలానగర్_లేత్
రా. సోమవారం రా, శనివారం రష్. బూట్లు వేసుకుని రా, చెప్పులతో లోపలికి రానివ్వను. మధ్యాహ్నం భోజనం మాతోనే.

ఎర్రబస్సు
జీతం వద్దంటే ఓనర్ల మొహం ఎలా వెలిగిందో చూడండి. తమ్ముడూ, వారం దాటితే మాత్రం జీతం అడుగు. 'ఇంకో వారం నేర్చుకో' అంటారు, అక్కడే మొదలవుతుంది అంతా.

బాలానగర్_లేత్
ఈయన్ని కూడా తీసుకురా తమ్ముడూ, టీ ఇప్పిస్తా.

ఎర్రబస్సు
టీ కాదు, ఓటీ రిజిస్టర్ చూపించండి, వస్తా.

వేగన్_వర్క్‌షాప్
జేఈ ఫారం నోటిఫికేషన్ పడినప్పుడు కట్టడం మాత్రం మర్చిపోకు. షాపు నచ్చినా సరే.

పల్నాడు_మెక్
కడతా సార్. అది నాన్నకి మాటిచ్చేశా.

చిక్కడపల్లి_లైబ్రరీ
తమ్మీ, గ్రూప్స్ ఇడిసిపెట్టినట్టే కదా? ఎకానమీ నోట్సు ఉంటే నాకు పంపు, కొరియర్ పైసలు ఇస్త.

పల్నాడు_మెక్
ఎకానమీ, పాలిటీ ఉన్నాయి, బాలానగర్ వచ్చినప్పుడు నేనే తెచ్చిస్తా. ఏపీ హిస్టరీ మీకు పనికిరాదుగా?

చిక్కడపల్లి_లైబ్రరీ
అద్దు. మా హిస్టరీకే దిక్కు లేదు.

సిమెంటు_రోడ్డు
ఇప్పుడే మొత్తం చదివా. సివిల్ 2022, ఇలాంటిదే నా కథ కూడా. మాకు సీఐటీడీ లాంటిది ఏమైనా ఉందా?

నిర్వాహకుడు
దానికి కొత్త చర్చ మొదలుపెట్టండి, దీనిలో కలిపితే జవాబులు దొరకవు. హైదరాబాద్‌లో న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఉంది, ముందు దాని గురించి చూసి రండి.